గొట్టాల జడ

జడ వేసుకోవడం వచ్చిన పిల్లకి ఐసీయూ సంగతి సగం తెలిసినట్టే, చిట్టితల్లీ. నవ్వకు, నిజమే చెబుతున్నా. నీ జడ ఒకసారి ముందుకు వేసుకో. మూడు పాయలు. పైకొసలు నెత్తిని అంటిపెట్టుకుని ఉన్నాయి, కింది కొసల్ని రబ్బరు బ్యాండు పట్టుకుంది. ఆ బ్యాండు తియ్యకుండా జడ విప్పు, చూద్దాం. లాగు, వదులు చెయ్యి, దువ్వెన పెట్టు. పాయలు అటూ ఇటూ జరుగుతాయే గాని అల్లిక పోదు. దీని మీద పెద్ద లెక్కే ఉంది. వియన్నాలో పుట్టిన ఎమిల్ ఆర్టిన్ అనే గణితవేత్త 1925 ప్రాంతంలో కూర్చుని, ఏ పాయ దేని మీదుగా దాటిందో వరసగా రాసుకుంటూ పోతే అదొక బీజగణితం అవుతుందని తేల్చాడు. కొసలు కట్టేసి ఉన్నంతసేపూ ఊరికే జరిపితే అల్లిక పోదు, ఎలా దాటాయో ఆ వరసనే తిరగేసి రావాలి.

ఇప్పుడు ఐసీయూ మంచం దగ్గరికి రా. మెడ దగ్గర పెద్ద సిరలోకి ఒక లైను. మణికట్టు ధమనిలో ఇంకోటి, బీపీ క్షణక్షణం చూడ్డానికి. ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబు. జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ అని ఇంగ్లండు డాక్టరు ఉండేవాడులే, ఆయన పేరు మన వార్డుల్లో ఆయాల నోట కూడా పలుకుతుంది. యూరిన్ గొట్టం, ఆక్సిజన్ గొట్టం, బీపీ పట్టీ గొట్టం, రెండు మూడు సిరంజి పంపులు, వాటి సన్నటి లైన్లు, ఈసీజీ వైర్లు. ప్రతిదానికీ ఒక కొస మనిషి దగ్గర, రెండో కొస ఏదో సీసాకో పంపుకో. అంటే రెండు వైపులా కట్టు ఉన్నట్టే. పుండ్లు పడకుండా రోగిని రెండేసి గంటలకోసారి ఒత్తిగిలిస్తారు. ఎక్స్‌రే బండి వస్తే సెలైన్ స్టాండును ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుపుతారు. అది వెళ్లాక స్టాండు వచ్చిన దారినే వెనక్కి పోతుందా? ఏదో ఒక దారిన పోతుంది. అక్కడ ఒక మెలిక. రాత్రి డ్యూటీలో ఇంకోటి. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ బద్ధకించలేదు, తెల్లారేసరికి జడ తయారు.

కొసలు వదులుగా ఉన్నప్పుడైతే చిక్కు పడడం ఇంకా సులువు. 2007లో కాలిఫోర్నియాలో రేమర్, స్మిత్ అనే ఇద్దరు ఒక పెట్టెలో దారం వేసి గిరగిరా తిప్పారు. కొన్ని సెకన్లలోనే ముడులు పడ్డాయి. వాళ్ల దారం దాదాపు అర మీటరు లోపు ఉంటే మాత్రం ముడి పడలేదు. దానికి వాళ్లకి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. నాకైతే అందులో నవ్వే కంటే ఆలోచనే ఎక్కువ కనబడింది. అవసరానికి మించి పొడుగున్న గొట్టం చిక్కుని కోరి తెచ్చుకుంటుంది.

చిక్కు పడితే పడనీ, ప్రాణం పోతుందా అంటావేమో. చిక్కు వల్ల పోవడం తక్కువ. చిక్కు తీయబోతే పోవచ్చు. మెలికలు విప్పే ఓపిక ఎవరికుంటుంది? ఏదో ఒక గొట్టం కొస ఊడదీసి, మిగతావాటి కింద నుంచి లాగి, మళ్లీ తగిలిస్తే చిటికెలో అయిపోతుంది. ఆ 'మళ్లీ తగిలించడం' దగ్గర ఉంది అసలు కథ.

సిరంజి మూతి చూశావుగా, సన్నగా వాలు తేలి ఉంటుంది. దాన్ని లూయర్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పారిస్‌లో వైద్య పరికరాలు చేసే లూయర్ కంపెనీ గాజు సిరంజికి పెట్టిన మూతి అది. వంద మిల్లీమీటర్ల పొడవుకి ఆరు మిల్లీమీటర్ల వాలు. ఆ లెక్కలో ఎవరు చేసినా, ఏ దేశంలో చేసినా, కొంచెం తిప్పి నొక్కితే బిగుసుకుంటుంది, చుక్క కారదు. ఎంత బాగా కుదిరిందంటే లోకమంతా దాన్నే పట్టుకుంది. సెలైన్ సెట్టుకి అదే, వెన్నులోకి గుచ్చే సూదికి అదే, పసిపిల్లల పాలగొట్టానికి అదే, కొన్ని బీపీ పట్టీల గాలిగొట్టానికీ అదే. సెలైన్ కొసను బీపీ గొట్టానికి తగిలిస్తే బిగుతుగా సరిపోతుంది. బీపీ పంపు నొక్కగానే గాలి నేరుగా రక్తంలోకి. పొట్టలోకి పోవాల్సిన పాలు సిరలోకి పోయిన కేసు 1972లోనే లాన్సెట్ పత్రికలో అచ్చయింది. 2001లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడికి, సిరలోకి మాత్రమే ఇవ్వాల్సిన విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందును వెన్నులోకి ఎక్కించారు. ఆ సిరంజి ఆ సూదికి చక్కగా పట్టింది మరి. పిల్లాడు బతకలేదు. విన్‌క్రిస్టిన్‌ని సిరంజిలో పెట్టనే వద్దు, చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది అందుకే. వెన్నుసూదికి సంచీ తగిలించాలని ఎవరికీ తోచదు గదా.

అంత చదువుకున్నవాళ్లు ఎలా పొరబడతారని అడక్కు. రాత్రి మూడింటికి, మసక వెలుతురులో, నీళ్లలాగే కనిపించే మందులు నాలుగు, ఒకే రకం గొట్టాలు నాలుగు. అందుకే మంచి సిస్టర్ని గమనించు. ఏదైనా తగిలించే ముందు గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మనిషి ఒంటి దగ్గర నుంచి సీసా దాకా వేళ్లతో తడుముకుంటూ పోతుంది. మధ్యలో కన్ను తీయదు. డ్యూటీ మారేటప్పుడు కొత్త సిస్టర్ మళ్లీ మొదటి నుంచి అదే పని చేస్తుంది. చూసేవాళ్లకి చాదస్తంలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగుల భద్రతకి తొమ్మిది ఉపాయాలు చెబితే అందులో గొట్టాల తప్పు కలయికలు ఆపడం ఒకటి, దానికి చెప్పిన మార్గాల్లో ఈ తడుముడూ ఒకటి. సిరలోకి పోయేవి తల వైపుగా, పొట్టకి పోయేవి కాళ్ల వైపుగా నడిపిస్తే దాటడాలే తగ్గుతాయి.

పంపు లైను గురించి ఒక లెక్క చెయ్యి, నీకు లెక్కలంటే ఇష్టంగా. లోపలి కంత ఒక మిల్లీమీటరు, పొడవు నూట యాభై సెంటీమీటర్లు. లోపల ఎంత మందు పడుతుంది? దగ్గర దగ్గర 1.2 మిల్లీలీటర్లు. పంపు గంటకి రెండు మిల్లీలీటర్లు తోస్తుంటే, మందు అటు కొసకి చేరడానికి ముప్పై ఆరు నిమిషాలు. బీపీ పెంచే మందే అనుకో, 'ఇంకా ఎక్కలేదే' అని కంగారుపడి వేగం పెంచితే తర్వాత అనుభవించాలి. ఇంకో ప్రమాదం ఉంది. అదే లైనులోకి వెనక నుంచి ఎవరైనా సెలైన్ సిరంజితో గబుక్కున తోశారా, అరగంటలో పోవాల్సిన మందు రెండు సెకన్లలో గుండెకి చేరుతుంది. కాబట్టి ఏ మందు ఏ గొట్టంలో పోతోందో రెండు కొసల దగ్గరా చీటీ ఉండాలి. సీసా మీద ఒక్కటే ఉంటే చాలదు.

ఎత్తు సంగతీ ఉంది. సెలైన్ సీసా చెయ్యి కన్నా మీటరు పైన ఉంటే నీటి బరువు సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసం అంత ఒత్తిడి ఇస్తుంది. పడుకున్న మనిషి చేతి సిరలో మామూలుగా అందులో నాలుగో వంతు కూడా ఉండదు, అందుకే సెలైన్ దిగుతుంది. స్ట్రెచరు మీద సీసాని రోగి పక్కన పడుకోబెట్టామా, రక్తం గొట్టంలోకి తిరిగొస్తుంది. బంధువులు హడలిపోయేది అప్పుడే. యూరిన్ బ్యాగుది దీనికి ఉల్టా. అది ఎప్పుడూ పొట్ట కన్నా కిందే వేలాడాలి, అయితే నేలకి తగలకూడదు. గొట్టం మధ్యలో ఊయలలా జారితే ఆ వంపులో మూత్రం నిలిచి వెనక నుంచి వచ్చేదాన్ని అడ్డుకుంటుంది. స్కానింగుకి తీసుకెళ్తూ బ్యాగుని ఒళ్లో పెట్టేస్తారు చూడు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బ్యాగులో పాతబడిన మూత్రం మళ్లీ లోపలికి పోయి చీము పట్టించొచ్చు. ఛాతీలో గొట్టం వేసినవాళ్లకైతే దాని నీళ్ల సీసాని ఛాతీ కన్నా పైకి ఎత్తనే కూడదు. ఆ గొట్టం కొస రెండు సెంటీమీటర్ల నీళ్లలో మునిగి ఉంటుంది, పైకెత్తితే ఆ నీళ్లు ఛాతీలోకి దిగుతాయి.

మనలాంటి అటెండెంట్లు సాయం చేద్దామని ఊడిన గొట్టాన్ని మనమే తగిలిస్తే పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టే. ఊడింది కనిపిస్తే చెయ్యి పెట్టకుండా సిస్టర్ని కేకెయ్యాలి, అంతే.

ఒకదాని మూతికి ఇంకోటి పట్టేసే ఈ బాధని గ్యాసుల వాళ్లు ముందే తీర్చుకున్నారు. మత్తిచ్చే యంత్రానికి తగిలించే సిలిండర్ మీద చిన్న కంతలుంటాయి. ఆక్సిజన్‌కి రెండు, అయిదు స్థానాల్లో, నైట్రస్ ఆక్సైడ్‌కి మూడు, అయిదు స్థానాల్లో. యంత్రం మీద పిన్నులు సరిపోకపోతే సిలిండర్ ఎక్కదు. గొట్టాల దగ్గరికి ఆ తెలివి చాలా ఆలస్యంగా వచ్చింది. 2016లో అంతర్జాతీయ ప్రమాణాలు పొట్టకి ఒక మూతి, వెన్నుకి ఇంకో మూతి పెట్టమన్నాయి. వెన్నుది లూయర్ కన్నా సన్నం, సాధారణంగా పసుపు రంగు. పొట్టది తరచూ ఊదా రంగు. రంగును మాత్రం నమ్ముకోకు, ఏ కంపెనీ అయినా ఏ గొట్టానికైనా ఊదా వెయ్యొచ్చు. ఆకారమే కాపలా. పాత గొట్టాలు అయిపోయేదాకా అని పాతదానికీ కొత్తదానికీ నడుమ అడాప్టర్లు అమ్ముతున్నారు. అవి సొరుగులో ఉన్నన్నాళ్లూ కొత్త మూతి పెట్టీ పెట్టనట్టే. తొందరలో ఉన్నవాడు ముందు వెతికేది వాటినే.