కాగితపు మిల్లు మడ్డి నుండి మట్టిలో కలిసే ప్లాస్టిక్

కోరుకొండ, రాజానగరం మెట్ట రైతులు పండించిన జామాయిల్, సరుగుడు, సుబాబుల్ కర్ర కాగితపు గుజ్జుకు ముడిసరుకు. కూరగాయల మళ్లలో పరిచే పాలిథీన్ మల్చింగు షీటు మాత్రం పంట తీసిన పిదప పేలికలై దుక్కిలోనే మిగులుతుంది. కడియం నర్సరీలలో నల్ల సంచి లేనిదే మొక్క కదలదు. మిల్లు వ్యర్థం నుండే ఈ షీటునూ సంచినీ తయారుచేయరాదా అన్న ప్రశ్న సహజమైనదే.

ముందుగా ఒక అపోహ తొలగవలసి ఉన్నది. 1964లో కంపెనీగా ఏర్పడి, నేడు ఆంధ్రా పేపర్ పేరుతో రాజమహేంద్రవరంలో నడుస్తున్న మిల్లు వంటి క్రాఫ్ట్ మిల్లులలో కర్రముక్కలను సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడులతో ఉడికిస్తారు. సెల్యులోజు గుజ్జుగా మిగులుతుంది. లిగ్నిన్ కరిగి నల్లద్రవంలోకి పోతుంది. ఆ ద్రవాన్ని చిక్కబరచి బాయిలరులో మండిస్తే ఆవిరి, విద్యుత్తు లభిస్తాయి, రసాయనాలూ తిరిగి చేతికి వస్తాయి. కావున అది వ్యర్థం కాదు, మిల్లుకు వంటచెరకు. 1998లో జర్మనీలో ప్రారంభమైన టెక్నారో సంస్థ లిగ్నిన్‌తో ప్లాస్టిక్ వలె అచ్చుపోయగల పదార్థాన్ని రూపొందించిన మాట నిజమే. అయితే లిగ్నిన్‌ను బయటకు తీసిన మేరకు మిల్లు వేరే ఇంధనం సమకూర్చుకోవాలి.

నిజమైన వ్యర్థం మురుగునీటి శుద్ధిలో అడుగున పేరుకొనే మడ్డి. అందులో గుజ్జుకు పనికిరాని పొట్టి నారలు, సున్నపు పొడి, బంకమన్ను ఉంటాయి. నారలను ఎంజైములతో గ్లూకోజుగా మార్చి బాక్టీరియాకు మేతగా ఇవ్వవచ్చు. కర్బనం సమృద్ధిగా ఉండి నత్రజని కొరవడినప్పుడు, గింజలో పిండిపదార్థం చేరినట్లు, కొన్ని బాక్టీరియాల కణాలలో పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్ నిల్వ చేరుతుంది. దీనిని 1926లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారిస్ లెమోయిన్ వర్ణించాడు. చిక్కు సున్నంతోనే వస్తుంది: సెల్యులేజు ఎంజైములు ఉదజని సూచిక 5 సమీపంలో చక్కగా పనిచేస్తాయి, మడ్డిలోని సున్నం దానిని పైకి నెట్టుతుంది. ముందుగా ఆమ్లంతో సరిచేయాలి, అదొక ఖర్చు. తయారైన పదార్థం పెళుసు గనుక పలుచని షీటుకు సహపాలిమర్లు కలపక తప్పదు.

నా దృష్టిలో మన ప్రాంతానికి తొలి మెట్టు షీటు కాదు, మడ్డి నారతో అచ్చువేసిన నారుకుండీ. సోడియం, భారలోహాల పరీక్ష మాత్రం తప్పనిసరి. నార కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తాత్కాలికంగా బంధిస్తాయి. లేత మొక్క పసుపుబారితే విద్యార్థులు తెగులుగా పొరబడరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు లేబుళ్లను జాగ్రత్తగా చదవాలి. ఐఎస్ఓ 17088 కంపోస్టు కేంద్రపు వేడికి వర్తిస్తుంది, పొలానికి కాదు. పొలంలో వదిలే షీటుకు యూరపు 2018లో తెచ్చిన ఈఎన్ 17033 ప్రమాణం, రెండేళ్లలో 90 శాతం కర్బనం మట్టిలో బొగ్గుపులుసు వాయువుగా మారాలంటుంది. ఆ పరీక్ష గాలి ఆడే మట్టిలో జరుగుతుంది. నీరు నిలిచే డెల్టా మాగాణిలో లిగ్నిన్ దాదాపు కదలదు. కనుక కోరుకొండ మెట్టలోనూ, కాలువ కింది వరిమడిలోనూ ఒకే నమూనాను పాతిపెట్టి, రెండు పంటకాలాలు తూకం చూసిన పిదపనే రైతుకు సిఫారసు చేయాలి.