డి.ఎన్.ఎస్. మార్పు - అంతర్జాల వేగం: ఒక పరిశీలన

అంతర్జాలం మందగించినప్పుడు డి.ఎన్.ఎస్. సేవను మార్చుకోవాలన్న సలహా తరచుగా వినవస్తుంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన ఈ వ్యవస్థ వెబ్‌సైటు పేరుకు తగిన అంకెల చిరునామాను వెదకి ఇస్తుంది. సాధారణంగా ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థ సర్వరే ఈ పని చేస్తుంది. దానికి బదులుగా గూగుల్ 2009లో 8.8.8.8ను, క్లౌడ్‌ఫ్లేర్ 2018లో 1.1.1.1ను ఉచితంగా అందుబాటులోకి తెచ్చాయి.

ఈ మార్పు వలన తగ్గేది చిరునామా వెదకే సమయం మాత్రమే. అదీ మిల్లీసెకన్లలో లెక్క. ఒకే పుట పదుల సైట్ల నుండి భాగాలను తెచ్చుకొనేటప్పుడు ఆ తేడా కొంత కనబడవచ్చు. పెద్ద పి.డి.ఎఫ్. డౌన్‌లోడ్ మాత్రం దీనితో వేగవంతం కాదు. పైగా కొన్ని వీడియో సేవలు డి.ఎన్.ఎస్. సర్వరు ఉన్న చోటును బట్టి సమీప సర్వరును కేటాయిస్తాయి. అది దూరాన ఉంటే వీడియో కూడా దూరం నుండే వస్తుంది.

పరిశోధకులకు అసలు చిక్కు వేరొకటి ఉన్నది. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని అంతర్గత సర్వర్ల పేర్లు చాలాచోట్ల అక్కడి డి.ఎన్.ఎస్.కు మాత్రమే తెలుసు. బయటి సేవకు మారిన కంప్యూటరులో గ్రంథాలయ కేటలాగు తెరుచుకోకపోవచ్చు. నింద మాత్రం గ్రంథాలయంపై పడుతుంది. ఏయే సైట్లను వెదకుతున్నారన్న సమాచారం కూడా ఇకపై ఆ కొత్త సంస్థ చేతిలోకి చేరుతుంది.