గుగ్గిళ్ళ మీద తెగని తగువు

పుదుచ్చేరిలో సాయంత్రమైతే బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు. గాంధీ విగ్రహానికి అటూ ఇటూ నడిచేవాళ్ళదే రాజ్యం. ఆ గాలికి, ఆ నడకకు సరిగ్గా సరిపోయే తిండి సుండల్. తమిళనాట బీచ్ సుండల్ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎండు బఠాణీ. రాత్రంతా నానబెట్టి ఉడికించిన గింజలను ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో ఒక్కసారి తిప్పి, దించాక కొబ్బరి కోరు, సన్నగా తరిగిన పచ్చి మామిడికాయ కలుపుతారు. గింజ తొక్క ఊడకూడదు, నోట్లో వేసుకుంటే మాత్రం ఇట్టే నలిగిపోవాలి. పనితనమంతా అక్కడే ఉంది.

ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు ఊరు యానాం. అటువైపు ఇవే గింజలు గుగ్గిళ్ళు. శ్రావణ మాసంలో పేరంటాలకు వెళ్ళొచ్చిన ఇళ్ళలో వాయనపు శనగలు గిన్నెల కొద్దీ పోగవుతాయి. మర్నాడు పొద్దున వాటికి తాలింపు పడుతుంది. అక్కడే వాదన మొదలు. కొబ్బరి వేస్తేనే రుచి అని ఒకరు, వేస్తే సాయంత్రానికి పాడవుతుందని ఇంకొకరు. ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగదని పిల్లలు, ప్రసాదంలో ఉల్లేమిటని పెద్దలు. ఉలవ గుగ్గిళ్ళ దగ్గరికొస్తే తగువు ఇంకో మెట్టు ఎక్కుతుంది: గింజ గొప్పదా, అది ఉడికిన నీటితో కాచిన చారు గొప్పదా?

ఈ పట్టుదల మనకొక్కరికే లేదు. పుదుచ్చేరిని 1954 దాకా ఏలిన ఫ్రెంచివాళ్ళకు కాసులే అనే వంటకం ఉంది. తెల్ల చిక్కుడు గింజలను మాంసంతో కలిపి మట్టిపాత్రలో గంటల తరబడి మగ్గబెడతారు. అందులో ఏ మాంసం పడాలన్నది కాస్తెల్‌నోదరి, కార్కసోన్, తులూజ్ ఊళ్ళ మధ్య ఏనాటి నుంచో నలుగుతున్న పేచీ. అమెరికాలోని బోస్టన్‌లో అవే గింజలను చెరకు మడ్డితో తియ్యగా వండుతారు. బ్రిటన్‌లో టమాటా సాస్‌లో ఊరిన డబ్బా గింజలను కాల్చిన రొట్టె మీద పోసుకుంటారు.  పేరుకు బేక్డ్ బీన్స్ గానీ, డబ్బాలో పోసి మూసి ఆవిరి వేడితో ఉడికించేవే. పక్కనున్న గుడ్డుకు ఆ సాస్ తగలకూడదని అక్కడ కొందరు పట్టుబడతారు. తీపి గింజలంటే మన నాలుక వెనకాడుతుంది. అలాగని అది తప్పు వంట కాదు.

నిజానికి ఏం వేయాలన్నదాని కన్నా ఎప్పుడు వేయాలన్నదే అసలు ప్రశ్న. పులుపు తగిలితే గింజ గట్టిగానే ఉండిపోతుంది. అందుకే బీచ్ సుండల్‌లో మామిడికాయ ఆఖరున పడుతుంది. చింతపండు, టమాటాలకూ ఇదే లెక్క. బోస్టన్ గింజలు అన్ని గంటలు ఉడికినా చిదికిపోకపోవడానికి కారణం కూడా ఇదే: చెరకు మడ్డిలోని ఆమ్లం, చక్కెర, కాల్షియం కలిసి గింజను బిగించి ఉంచుతాయి. బోరు నీళ్ళలో పప్పు ఉడకదని మన అమ్మమ్మలు చెప్పే మాటలోనూ ఉన్నది ఆ కాల్షియమే. ఉప్పు ముందే వేస్తే ఉడకవన్న నమ్మకం మాత్రం నిలబడదు. నానబెట్టే నీళ్ళలో కాస్త ఉప్పు వేస్తే తొక్క మరింత మెత్తబడుతుంది. చిటికెడు వంటసోడా గింజను త్వరగా ఉడికిస్తుంది, మోతాదు మించితే ముద్దవుతుంది, సబ్బు వాసన కొడుతుంది.

కడుపుబ్బరం భయంతో గుగ్గిళ్ళు మానేసేవారున్నారు. మన పేగులు అరిగించలేని కొన్ని చక్కెరలను అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టడం వల్ల వచ్చే గ్యాస్ అది. నానిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికిస్తే కొంత తగ్గుతుంది.

వాదనకు తావు లేని సంగతి ఒకటుంది. రాజ్మా గింజల్లో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకనివి కొద్ది గింజలు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచినా, నీరు తెర్లకపోతే ఆ విషం పోదు. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లించి, ఆపైన మెత్తబడేదాకా ఉడికించండి. కొబ్బరి, ఉల్లి, మామిడి మీ ఇష్టం.