ఫాఫ్సాలో రాయాల్సింది అమ్మ ఆదాయమా, నాన్న ఆదాయమా?

అమెరికాలో డిగ్రీ చదివే పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు. నాలుగేళ్లకు 29,580. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. తల్లిదండ్రులు విడిపోయిన ఇంట్లో ఈ సొమ్ము మొత్తం వస్తుందా, అసలు రాదా అన్నది చాలాసార్లు ఒక్క విషయం మీదే తేలుతుంది: దరఖాస్తులో ఇద్దరిలో ఎవరి ఆదాయం చూపించాలి?

ఎవరింట్లో ఉన్నారన్నది కాదు

ఆ దరఖాస్తు పేరే ఫాఫ్సా. 2023-24 వరకు గత 12 నెలల్లో బిడ్డ ఎవరి దగ్గర ఎక్కువ రోజులు ఉంటే వాళ్ల ఆదాయమే చూసేవారు. 2020 డిసెంబరులో వచ్చిన చట్టం 2024-25 నుంచి ఈ పద్ధతిని మార్చేసింది. దరఖాస్తు పెట్టే రోజుకు ముందు 12 నెలల్లో బిడ్డ పోషణకు ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారో, ఇప్పుడు వాళ్ల వివరాలే ఇవ్వాలి. ఉండే ఇల్లు, తిండి, బట్టలు, వైద్యం, కారు వాయిదాలు, కాలేజీ ఖర్చులు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. ఇద్దరి ఖర్చూ సమానంగా తేలితే ఆదాయం, ఆస్తులు ఎక్కువ ఉన్నవారి వివరాలు ఇవ్వాలి. విడాకులు తీసుకున్నా ఒకే ఇంట్లో ఉంటున్నవారైతే ఇద్దరివీ ఇవ్వాలి.

కోర్టు కస్టడీ ఎవరికి ఇచ్చింది, ట్యాక్స్ రిటర్న్‌లో బిడ్డను డిపెండెంట్‌గా ఎవరు చూపుకున్నారు అన్నవాటితో ఫాఫ్సాకు పని లేదు. చాలా కుటుంబాలు తప్పులో కాలేసేది ఇక్కడే.

ఒక ఊహా కుటుంబం

తల్లి ఏడాది ఆదాయం 45,000 డాలర్లు, ఇంట్లో ఆమె, కూతురు మాత్రమే. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆయన ఆదాయం 90,000, కొత్త భార్యది 60,000. కూతురు ఏడాదిలో 9 నెలలు తల్లి దగ్గరే ఉంది. ఇంట్లో కూతురి వాటా, తిండి, బట్టలు కలిపి తల్లి ఖర్చు 11,000 అయింది. ఆరోగ్య బీమా, కారు వాయిదా, ఫీజుల కింద తండ్రి నేరుగా 14,000 కట్టాడు.

పాత పద్ధతిలో ఇది తల్లి దరఖాస్తు. ఇప్పుడు తండ్రిది. అంతేకాదు, ఖర్చు ఎక్కువ పెట్టినవారు మళ్లీ పెళ్లి చేసుకుంటే సవతి తల్లి లేదా సవతి తండ్రి ఆదాయం కూడా కలుస్తుంది. బిడ్డ చదువుతో తనకు సంబంధం లేదని కొత్త భార్య చెప్పినా, పెళ్లికి ముందే ఆ మేరకు ఒప్పందం రాసుకున్నా మినహాయింపు ఉండదు. ఆ విధంగా చూపాల్సిన ఆదాయం 1,50,000 అవుతుంది, పెల్ గ్రాంట్ సున్నా అవుతుంది.

అదే తల్లి ఖర్చు ఎక్కువై ఉంటే? ఒంటరి తల్లి లేదా తండ్రి ఆదాయం పేదరికపు గీతకు 225 శాతం దాటకపోతే పూర్తి పెల్ గ్రాంట్ ఇస్తారు. 2026-27 దరఖాస్తుకు ఇద్దరున్న కుటుంబం విషయంలో ఆ హద్దు 45,990 డాలర్లు. తల్లి ఆదాయం అంతకంటే తక్కువే కాబట్టి మొత్తం 7,395 వస్తుంది. మధ్యలో తేడా 3,000 డాలర్ల ఖర్చే. అందుకే దరఖాస్తు తెరిచేముందు 12 నెలల ఖర్చులు కాగితం మీద పెట్టాలి. లేని ఖర్చు రాస్తే మాత్రం 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చు.

తేదీలు రెండు

2026-27 ఫాఫ్సాకు చూసేది 2024 ఆదాయం. వైవాహిక స్థితి మాత్రం దరఖాస్తు పెట్టిన రోజున ఎలా ఉందో అదే. 2024కు ఇద్దరూ కలిసి రిటర్న్ వేసి తర్వాత విడిపోయి ఉంటే, అందులోంచి ఒకరి వాటానే విడదీసి రాయాలి.

చైల్డ్ సపోర్ట్ విషయంలో కొత్త పద్ధతి కాస్త మేలు చేసింది. అందుకున్న సొమ్మును ఒకప్పుడు ఆదాయంగా లెక్కించేవారు, ఇప్పుడు ఆస్తిగా చూస్తున్నారు. తల్లిదండ్రుల ఆదాయంలో కుటుంబం భరించగలదని లెక్కగట్టే భాగం పై శ్లాబులో 47 శాతం దాకా వెళ్తుంది, ఆస్తుల్లో గరిష్ఠంగా 5.64 శాతమే. ఏటా 24,000 అందుకునే తల్లికి ఆ పద్దు 11,280 దాకా వెళ్లగలిగేది కాస్తా ఇప్పుడు 1,354కు మించదు.

వీసాలు, రూపాయలు

తెలుగు కుటుంబాల్లో తరచూ వచ్చే సందేహం ఒకటుంది. బిడ్డ అమెరికా పౌరురాలైతే తల్లిదండ్రులు హెచ్‌1బీ మీద ఉన్నా ఆమె ఫాఫ్సాకు అర్హురాలే. హెచ్‌4 మీద ఉన్న పిల్లలకు మాత్రం ఈ సాయం లేదు. ఖర్చు ఎక్కువ పెట్టిన తండ్రి హైదరాబాద్‌లో ఉంటే ఆయన ఆదాయాన్ని డాలర్లలోకి మార్చి రాయాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకున్నా ఫాఫ్సా నింపడానికి కావాల్సిన ఖాతా తెరవవచ్చు.

రెండో దరఖాస్తు

ఫాఫ్సాతో ఆగితే చాలదు. రెండు వందలకు పైగా కాలేజీలు, ఎక్కువగా ప్రైవేటువి, సొంత నిధుల నుంచి సాయం ఇవ్వడానికి సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో దరఖాస్తు అడుగుతాయి. వాటిలో చాలావాటికి విడిపోయిన ఇద్దరి వివరాలూ కావాలి. ఎవరిది వారే విడిగా నింపుతారు, ఒకరిది ఒకరికి కనబడదు. హింస, ఏళ్ల తరబడి సంబంధాలు తెగిపోవడం వంటి కారణాలుంటే మినహాయింపు కోరవచ్చు. రుసుం మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపై ఒక్కోదానికి 16. లక్ష డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ఉచితం.

లెక్క వేరు, కట్టడం వేరు

తండ్రి ఇంత భరించగలడని ఫాఫ్సా తేల్చినంత మాత్రాన ఆయన కట్టి తీరాలని లేదు. న్యూజెర్సీలో 1982 నాటి న్యూబర్గ్ తీర్పు నుంచి కోర్టులు విడిపోయిన తల్లిదండ్రుల చేత కాలేజీ ఖర్చు కట్టించగలుగుతున్నాయి. టెక్సాస్‌లో ఇద్దరూ ఒప్పందం రాసుకుంటే తప్ప ఆ బాధ్యత లేదు. కాబట్టి విడాకుల పత్రాలపై సంతకాలు పెట్టే నాడే, బిడ్డ బడిలో ఉన్నా సరే, కాలేజీ ఫీజు ఎవరు ఎంత శాతం కట్టాలో అంకెల్లో రాయించుకోవాలి.