ఊరు ఒప్పుకుంటే సరిపోతుందా?

1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన దోమకు అణా చొప్పున డబ్బిచ్చాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. ఆ బేరంలో న్యాయమెంతో గానీ, ఎవరిని అడగాలో మాత్రం రాస్‌కు తెలుసు. దోమ జన్యువులనే తిరగరాస్తున్న ఇప్పటి శాస్త్రవేత్తలకు తేలనిది అదే.

మామూలుగా తల్లిలోనో తండ్రిలోనో ఉన్న ఒక జన్యు మార్పు పిల్లలకు చేరే అవకాశం సగమే. దోమకు చేటు చేసే మార్పయితే కొన్ని తరాల్లోనే మాయమవుతుంది. జీన్ డ్రైవ్ ఈ లెక్కను తారుమారు చేస్తుంది. మార్చిన జన్యువుతో పాటే క్రిస్పర్ అనే కత్తెరనూ దోమలో పెడతారు. బీజకణాలు తయారయ్యేటప్పుడు ఆ కత్తెర జంటలోని రెండో క్రోమోజోమ్‌ను సరిగ్గా అదే చోట తెంపుతుంది. తెగినచోటు పూడ్చుకోవడానికి కణం మొదటి క్రోమోజోమ్‌ను చూసి నకలు రాసుకుంటుంది. ఆ నకలుతో మార్పూ వస్తుంది, కత్తెరా వస్తుంది. ఇక పుట్టే పిల్లల్లో దాదాపు అన్నిటికీ అది చేరుతుంది.

2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆండ్రియా క్రిసాంటి బృందం ఆఫ్రికా మలేరియా దోమ అనాఫిలిస్ గాంబియేలో ‘డబుల్‌సెక్స్’ జన్యువును ఇలాగే దెబ్బతీసింది. రెండు నకళ్లూ చెడిన ఆడదోమ కుట్టలేదు, గుడ్లు పెట్టలేదు. బోనుల్లోని దోమలన్నీ 7 నుంచి 11 తరాల్లో అంతరించాయి.

బోను తెరిస్తే ఏమవుతుందన్నది వేరే సంగతి. బుర్కినా ఫాసోలోని బానా అనే పల్లెలో 2019 జులైలో టార్గెట్ మలేరియా సంస్థ జన్యుమార్పిడి దోమలను వదిలింది. వాటిలో జీన్ డ్రైవ్ లేదు. సంతానం కలగని మగదోమలవి, మగవి కుట్టవు కూడా. అయినా ఏళ్ల తరబడి ఊరివాళ్లతో మాట్లాడి, వాళ్లు సరేనన్నాకే వదిలారు. అంత ఓపికగా అడిగినందుకు మెచ్చుకోవాలి.

కానీ అదే ఏడాది వెలువడిన మరో పరిశోధన చూడండి. మాలీ పల్లెల మీద హీలియం బెలూన్లకు జిగురు వలలు కట్టి రాత్రంతా ఎగరేశారు. నేలకు 40 నుంచి 290 మీటర్ల ఎత్తులో అనాఫిలిస్ దోమలు వలకు అంటుకున్నాయి. ఎక్కువ ఆడవే. గాలివాటున అవి ఒక్క రాత్రిలో వందల కిలోమీటర్లు పోగలవని లెక్క తేలింది. సంతానం లేని మగదోమ సంగతి బానాలోనే ముగుస్తుంది. జీన్ డ్రైవ్ దోమకు ఆ హద్దు లేదు. గాలి వీచే దిక్కునున్న ఊళ్లను, సరిహద్దు అవతలి దేశాన్ని ఎవరడగాలి? ఒక్క ఊరు వద్దంటే ఎవరి మాట చెల్లాలి? ప్రభావం పడే స్థానికుల ముందస్తు సమ్మతి కోరాలని ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పంద దేశాలు 2018లో తీర్మానించాయి గానీ, ఈ చిక్కుముడి విప్పలేదు.

వద్దనడానికీ ఖరీదుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో మలేరియాతో చనిపోయినవారు దాదాపు 5,97,000 మంది. వారిలో 95 శాతం ఆఫ్రికావాళ్లు, అత్యధికులు ఐదేళ్లలోపు పిల్లలు. ప్రకృతిలో వేలు పెట్టకూడదంటూ దూరాన కూర్చుని తీర్పు చెప్పేవారు ఆ పిల్లల తల్లుల ముందు ఆ మాట అనగలరా అన్నది నా సందేహం.

అయితే మంచి ఉద్దేశమొక్కటే ఉంటే చాలదని మన దేశమే చూసింది. 1970లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ కేంద్రం నడిపాయి. డబ్బు అమెరికాది. జీవాయుధాలకు పనికొచ్చే సమాచారం సేకరిస్తున్నారన్న అనుమానం పత్రికల్లోకి, పార్లమెంటులోకి ఎక్కింది. సోనీపత్‌లో దోమలు వదలాల్సిన ప్రయోగం 1975లో ఆగిపోయింది, కేంద్రం మూతపడింది. అలాగే 2025 ఆగస్టులో బుర్కినా ఫాసో సైనిక ప్రభుత్వం కూడా టార్గెట్ మలేరియా పనిని ఆపించింది. బానా సరే అన్నా, దేశం వద్దంది.

కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 2015లో జీన్ డ్రైవ్ ఎక్కించిన దోమ అనాఫిలిస్ స్టెఫెన్సీ. మన నగరాల్లో ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, సిమెంటు తొట్లలో పెరిగి మలేరియా మోసేది అదే. దాన్ని ఇక్కడ వదలాలనే ప్రతిపాదన వచ్చేదాకా ఆగకుండా, ఎవరి అనుమతి కావాలి, నష్టం జరిగితే బాధ్యత ఎవరిది, పొరుగు రాష్ట్రం కాదంటే ఏం చేయాలి అన్న మూడింటికీ కాగితం మీద జవాబు రాయించుకోవాలి. ఆ పని ఆరోగ్యశాఖలూ మున్సిపాలిటీలూ ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.