తాలింఖానాలో అమానతు

తెలుగులో వస్తాదు అంటే కుస్తీపట్లలో ఆరితేరిన బలశాలి. ఆ మాట ఉర్దూలోని 'ఉస్తాద్' నుంచి వచ్చింది. కుస్తీ నేర్పే చోటును మన దక్కన్ పట్టణాలలో తాలీం అనీ, తాలింఖానా అనీ అంటారు. తాలీం అంటే విద్య. మదరసాలో మేము నిత్యం పలికే ఈ రెండు మాటలే గోదాలోనూ వినబడుతున్నాయంటే, రెండు చోట్లా గురువుపై ఉన్న బరువు ఒక్కటేనని మా భావన. తల్లిదండ్రులు తమ బిడ్డ దేహాన్నీ మనస్సునూ నమ్మి అప్పగిస్తారు. అది అమానతు.

పిల్లవాణ్ణి కరాటేలో చేర్చవచ్చునా, అమ్మాయిని జూడోకు పంపవచ్చునా అని తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచిన తరువాత ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. దైవప్రవక్త (స) బలవంతుడైన విశ్వాసిని మెచ్చుకున్నారు. రుకానా అనే మల్లునితో ఆయన కుస్తీ పట్టారన్న ఉల్లేఖనం కూడా ఉంది. దాని పరంపరపై హదీసువేత్తలకు అభ్యంతరాలున్న మాట నిజమే గాని, దేహ సాధన మంచిదనడానికి ఆ ఒక్క ఉల్లేఖనమే ఆధారం కాదు. కనుక చేర్చవచ్చునా అని అడిగే ముందు, ఎవరి చేతికి అప్పగిస్తున్నామో చూడాలి.

చూడవలసిన మొదటి విషయం చాలా చిన్నది. జూడోలో ప్రత్యర్థి పట్టులో చిక్కినవాడు ఇక చాలనుకుంటే, చేత్తో రెండుమార్లు తడతాడు. ఆ క్షణమే పట్టు వదలాలి. మెడపై బిగించిన పట్టు మెదడుకు వెళ్ళే రక్తాన్ని అడ్డగిస్తుంది. కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. మోచేతి కీలు విరగడానికి అంత సమయం కూడా అక్కరలేదు. 1882లో జపాన్‌లో జూడోను నెలకొల్పిన జిగోరో కానో, ఈ విద్య ఇరువురి శ్రేయస్సు కొరకని బోధించారు. ప్రత్యర్థి క్షేమం నీ చేతిలో, నీ క్షేమం అతని చేతిలో ఉంటాయి. కుస్తీలో ఎదుటివాణ్ణి పడగొట్టినవాడు కాదు, కోపంలో తనను తాను అదుపు చేసుకున్నవాడే అసలైన బలశాలి అని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన పిల్లలకు తెలిసినదే. దానిని కంఠస్థం చేయడం తేలిక. గెలుపు అంచున ఉండి, ఎదుటి చెయ్యి తట్టగానే వదిలివేయడం కష్టం. ఏ శిక్షణాలయంలో ఆ తట్టును చూసి నవ్వుతారో, 'ఇంకాస్త ఓర్చుకో' అంటారో, అక్కడి నుంచి బిడ్డను అదే రోజు తీసుకొచ్చేయండి.

జూడో పుట్టిన జపాన్‌లోనే, 1983 నుంచి సుమారు మూడు దశాబ్దాల కాలంలో వందకు పైగా బడిపిల్లలు జూడో అభ్యాసంలో మరణించారు. ఎక్కువ మరణాలకు కారణం తలకు తగిలిన దెబ్బలే. వారిలో చాలామంది కొత్తగా చేరినవారు. వెనక్కి పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి తలను కాపాడుకోవడం వారికి ఇంకా ఒంటబట్టలేదు. పడవేయడం కన్నా ముందు పడడం నేర్పాలి. మంచి శిక్షకుడు తొలి వారాలన్నీ దానికే కేటాయిస్తాడు. 'నెల రోజులైంది, మావాడికి ఒక్క పట్టు కూడా నేర్పలేదు' అని ఆ శిక్షకుణ్ణి నిందించే తండ్రులు ఒక్కసారి ఆలోచించాలి. తలకు దెబ్బ తగిలి బిడ్డకు వాంతి, తలనొప్పి, మగత కనిపిస్తే ఆనాటికి ఆట ముగిసినట్లే. వైద్యుడు సరేననే వరకు మళ్ళీ బరిలోకి దించకూడదు.

బరువు తగ్గించే పిచ్చి మరొకటి. 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు పోటీ బరువుకు దిగడానికి నీళ్ళు మానేసి, చెమటలు కక్కి, కొద్ది వారాల తేడాతో ప్రాణాలు కోల్పోయారు. ఎదిగే వయస్సులోని బిడ్డను ఆకలితో మాడ్చి తక్కువ బరువు విభాగంలోకి దించుదామనే శిక్షకుని మాట వినవద్దు. రమజాన్‌లో సాధన వేళలను ఇఫ్తార్ తరువాతకు మార్చమని కోరడానికి సంకోచించవద్దు.

ఇక బాక్సింగ్ సంగతి. మక్కాలోని ఫిఖ్‌హ్ మండలి 1987లో దానిని నిషిద్ధంగా నిర్ణయించింది. అంధత్వానికీ, మెదడు దెబ్బకూ, మరణానికీ దారి తీయగల హానిని ఆ ఆట అనుమతిస్తుందన్నదే కారణం. పోట్లాటలో సైతం ముఖంపై కొట్టవద్దన్న ప్రవక్త ఆదేశం మనకు ఉండనే ఉంది. హాని లేని కుస్తీని మండలి కాదనలేదు. ఈ విషయంలో కుటుంబాల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయని మాకు తెలుసు. అయితే ఏ ఆటనైనా ఆ కారణం వెలుగులోనే తూచాలని మా అభిప్రాయం.

దెబ్బల కన్నా లోతైన గాయం ఒకటుంది. 2023 జనవరిలో దేశానికి పతకాలు తెచ్చిన మల్లయోధులు లైంగిక వేధింపులు జరిగాయంటూ ఢిల్లీ జంతర్‌మంతర్ వద్ద నిరసనకు కూర్చున్నారు. దోషమెవరిదో తేల్చేది న్యాయస్థానం. కాని ఒలింపిక్ పతకం ఉన్నవారికే వీధికెక్కక తప్పలేదంటే, పన్నెండేళ్ళ బిడ్డ నోరు విప్పడం ఎంత కష్టమో ఊహించండి. గురుభక్తి గొప్ప గుణమే. దానిని చిన్ననాటి నుంచి నేర్పుతున్నది మేమే. అందుకే చెబుతున్నాము: పాపకార్యంలో ఎవరి మాటా వినవలసిన అవసరం లేదన్న నియమానికి గురువు మినహాయింపు కాదు. ఉస్తాద్ తాకిన తీరు నచ్చకపోతే చెయ్యి తోసివేసి ఇంటికి వచ్చి చెప్పడం అవిధేయత కాదని పిల్లలకు ముందే తెలియాలి.

పరాయి స్త్రీపురుషులు ఏకాంతంలో ఉండరాదన్న మన నియమం ఇక్కడ కవచం వంటిది. మగపిల్లలకు ప్రమాదం లేదనుకోవడం అమాయకత్వం. వారికీ ఆ కవచం కావాలి. తలుపు మూసి ఒక్కరికే 'ప్రత్యేక శిక్షణ' ఇస్తామంటే వద్దనండి. పోటీలకు పొరుగూరు తీసుకెళుతుంటే గదిలో బిడ్డతో ఎవరెవరు ఉంటారో అడగండి. శిక్షకుడు బిడ్డ ఫోనుకు రాత్రివేళ సందేశాలు పంపుతుంటే కారణం అడగండి. తల్లి వచ్చి బెంచీపై కూర్చుని అభ్యాసం చూస్తానంటే ఒప్పుకోని చోట చేర్చవద్దు. అమ్మాయిలకు మహిళా శిక్షకురాలు దొరికితే అంతకన్నా మేలు లేదు.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలపడం తప్పనిసరి. 'మన కమ్యూనిటీ పరువు' అని పెద్దలు నలుగురు కూర్చుని రాజీ చేస్తే, విషయాన్ని దాచిన నేరం వారిపైకే వస్తుంది. విద్యాసంస్థ, మతసంస్థ సిబ్బందే ఆ నేరానికి పాల్పడితే చట్టం దానిని మరింత తీవ్రంగా చూస్తుంది. తాలింఖానా ఉస్తాద్ అయినా, మదరసా ఉస్తాద్ అయినా చట్టం ముందు ఒక్కటే. బాలల సహాయవాణి 1098 పగలూ రాత్రీ పనిచేస్తుంది. పెద్దలే చేయాలని లేదు, బిడ్డ స్వయంగా ఫోన్ చేయవచ్చు. కరాటే దుస్తులు కొనిచ్చిన రోజునే ఆ నెంబరు కూడా నేర్పండి.