మూడు లక్షల చీటీ

తెలంగాణలో లాటరీ టికెట్లు అమ్మరు. కేరళలో వీధి వీధినా కనిపించే టికెట్ల బల్ల గద్వాల బస్టాండులో గానీ, వనపర్తి మార్కెట్ యార్డు ముందు గానీ, నాగర్‌కర్నూల్ చౌరస్తాలో గానీ కనిపించదు. అయినా ఈ మూడు జిల్లాల్లో రెండేళ్లకోసారి వందల కుటుంబాలు ఒక లాటరీ ఆడుతున్నాయి. ఆ చీటీ ధర మూడు లక్షల రూపాయలు. ఊళ్లలో దాన్ని వైన్స్ టెండర్ అంటారు. అక్కడ పాట ఉండదు, ధరలో పోటీ ఉండదు. డబ్బాలోంచి ఏ నంబరు బయటికొస్తే వాళ్లదే మద్యం దుకాణం.

2017లో దరఖాస్తు ఫీజు లక్ష. 2019లో రెండు లక్షలు చేశారు. 2025లో మూడు లక్షలైంది. షాపు రాకపోతే ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు. టికెట్ ధర పెరగడం ఒక్క మన దగ్గరే కాదు. కేరళ వారపు లాటరీ టికెట్ 2025లో 40 నుంచి 50 రూపాయలైంది. అమెరికాలో మన పిల్లలు కూడా సరదాగా కొనే మెగా మిలియన్స్ టికెట్ అదే ఏడాది ఏప్రిల్‌లో రెండు డాలర్ల నుంచి ఐదుకు పెరిగింది. ఓడితే అక్కడ పోయేది ఒక పూట కాఫీ ఖర్చు. ఇక్కడ మూడు లక్షలంటే 2025-26 మద్దతు ధరకు అమ్మిన 126 క్వింటాళ్ల వడ్లు, లేదా 41 క్వింటాళ్ల పల్లి. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ కూలితో ఏడాదికి వంద రోజుల పని దొరికినా ఈ సొమ్ము కూడబెట్టడానికి ఒక మనిషికి పదేళ్లకు దగ్గర పడుతుంది.

ఆ డబ్బు పెట్టడం గిట్టుబాటేనా? లెక్కతోనే తేల్చుకుందాం.

2023లో ఫీజు రెండు లక్షలున్నప్పుడు రాష్ట్రంలోని 2,620 దుకాణాలకు 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఖజానాకు 2,639 కోట్లు వచ్చాయి. 2025లో ఫీజు పెంచాక దరఖాస్తులు 95,137కు తగ్గాయి, రాబడి మాత్రం 2,854 కోట్లకు పెరిగింది. షాపుకు సగటున యాభై దరఖాస్తులుండేవి, ముప్పై ఆరయ్యాయి. పోటీ తగ్గింది, ఈసారి మన వంతు రావచ్చని ఆశపడ్డవాళ్లు చాలామంది. యాభై మంది రెండేసి లక్షలు కడితే ఒక షాపు మీద కోటి రూపాయలు. ముప్పై ఆరు మంది మూడేసి లక్షలు కడితే కోటీ ఎనిమిది లక్షలు. అంటే పోటీ తగ్గిన దానికంటే చీటీ ధర ఎక్కువ పెరిగింది. ఒక్క షాపు చేతికి రావడానికి అందరూ కలిసి పోగొట్టుకునే సొమ్ము కోటి దాటింది.

సగటున ఒక దరఖాస్తుకు ముప్పై ఆరింట ఒక్క వంతే అవకాశం. రెండు పాచికలు వేస్తే రెండింట్లోనూ ఆరు పడాలి, అంత. పది వేర్వేరు షాపులకు పది దరఖాస్తులు వేశారనుకుందాం. ముప్పై లక్షలు కట్టాక కూడా ఒక్కటీ తగలకపోయే అవకాశం నాలుగింట మూడు వంతులుంది. ఇదీ సగటు మాత్రమే. సెంటర్ బాగున్న షాపు మీద సిండికేట్లు పదుల కొద్దీ దరఖాస్తులు గుప్పిస్తాయి, ఎందుకంటే ఒక మనిషి ఇన్నే వేయాలన్న పరిమితి లేదు. మారుమూల షాపులను పెద్దగా ఎవరూ అడగరు. తక్కువ దరఖాస్తులొచ్చాయని 2025లో రాష్ట్రవ్యాప్తంగా 19 దుకాణాలకు మళ్లీ నోటిఫికేషన్ ఇవ్వాల్సి వచ్చింది. ఒక్క దరఖాస్తుతో వచ్చిన రైతు, ముప్పై దరఖాస్తులతో వచ్చిన వ్యాపారి ఒకే డబ్బా ముందు నిలబడతారు. వాళ్లిద్దరి ఆట ఒకటి కాదు.

సరిహద్దు ఆశ

గద్వాల వైపు నడిగడ్డలో ఈ ఆటకు ఇంకో ముడి ఉంది. తుంగభద్ర దాటితే కర్నూలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ నుంచి సర్కారీ మద్యం దుకాణాలే నడిచాయి. అలవాటైన బ్రాండ్లు అక్కడ దొరక్క అలంపూర్ చౌరస్తా వైపు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ఆ గిరాకీని కళ్లారా చూసినవాళ్లు ఇక్కడ షాపు తగిలితే బంగారమే అనుకున్నారు. 2024 అక్టోబర్‌లో ఆంధ్రలో మళ్లీ ప్రైవేటు దుకాణాలొచ్చాయి, 99 రూపాయలకే క్వార్టర్ వచ్చింది. నదికి ఇవతలి షాపుకు ఉన్న ఆ బలం ఒక్క జీవోతో సన్నగిల్లింది. పక్క రాష్ట్రం తీసుకునే నిర్ణయం మీద ఆధారపడ్డ వ్యాపారానికి మూడు లక్షల చీటీ కొనేముందు ఈ సంగతి ఎంతమంది ఆలోచించారు?

2024లో ఆ ఆంధ్ర దుకాణాలకూ ఇదే లాటరీ. 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు, రెండు లక్షల ఫీజు, 1,797 కోట్ల రాబడి.

తగిలితే ఏమొస్తుంది?

మామూలు లాటరీలో గెలిస్తే డబ్బు చేతికొస్తుంది. ఇందులో గెలిస్తే ముందు డబ్బు కట్టాలి. జనాభా ఐదు వేల లోపు ఊరైతే ఏడాదికి 50 లక్షల ఎక్సైజ్ పన్ను. ఐదు వేల నుంచి యాభై వేల దాకా 55 లక్షలు. యాభై వేలు దాటిన గద్వాల, వనపర్తి వంటి పట్టణాలకు 60 లక్షలు. మొదటి కిస్తు డ్రా అయిన వెంటనే కట్టాలి. దానికి తోడు బ్యాంకు గ్యారంటీ, అద్దె, సరుకుకు పెట్టుబడి.

ఇంత డబ్బు సమకూర్చుకోలేని సామాన్యుడికి తగిలితే అదే రోజు చుట్టూ మనుషులు చేరతారు. గుడ్‌విల్ మాట్లాడతారు. ఇంత తీసుకో, కాగితాల మీద పేరు నీది, నడిపేది మేము అంటారు. గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం దుకాణాలు రిజర్వు చేశారు. మంచి నిర్ణయమే. పెట్టుబడికి దారి చూపకుండా షాపు మాత్రమే ఇస్తే ఆ కుటుంబానికి దక్కేది తరచూ గుడ్‌విల్ ముక్కే. నడిపేవాడు పెట్టిన కోట్లు రాబట్టుకోవడానికి ఊరూరా బెల్టు షాపులకు సరుకు తోలతాడు. చివరికి ఈ లాటరీ ఖర్చు కట్టేది బెల్టు షాపు ముందు కూలి డబ్బులు వదిలేసే మనిషి, అతని ఇల్లు.

డ్రా చూసినవాళ్లకు ఆ హాలు తెలుసు. షాపు నంబరు చదువుతారు. టోకెన్లు అందరికీ చూపించి డబ్బాలో వేస్తారు. ఒక్కటి తీస్తారు. ఒక మూల ఈలలు, భుజాల మీదికెత్తుకోవడాలు, వెంటనే తర్వాతి షాపు నంబరు. తగలనివాళ్లలో చాలామంది ఒంటరిగా పెట్టినవాళ్లు కారు. పదిమంది కలిసి తలా ముప్పై వేలు వేసుకున్నవాళ్లు, చిట్టీ ఎత్తినవాళ్లు, పత్తి విత్తనాల డబ్బు రాగానే కట్టేస్తామని మిత్తికి తెచ్చినవాళ్లు ఉంటారు. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే మూడు లక్షలకు నెలకు తొమ్మిది వేలు. లాటరీ నిమిషంలో అయిపోతుంది, మిత్తి ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఫీజు ఎక్కువుంటేనే ఊరికే దరఖాస్తు పడేసేవాళ్లు తగ్గుతారని, వచ్చిన సొమ్ము ప్రజలకే ఖర్చవుతుందని ప్రభుత్వం తరఫున వాదించేవాళ్లుంటారు. మొదటి మాటలో కొంత నిజముంది. ఆ పని తిరిగిచ్చే డిపాజిట్‌తోనూ జరుగుతుంది. ఖర్చు కింద కొన్ని వేలు పట్టుకుని మిగతాది ఓడినవాళ్లకు వాపసు ఇవ్వొచ్చు. 2025 అక్టోబర్ 27న డ్రా ముగిసేసరికి 92 వేలకు పైగా దరఖాస్తులు ఉత్తివే అయ్యాయి. వాటి సొమ్ము 2,700 కోట్లకు పైమాటే. ఆ డబ్బుకు బదులు కట్టినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన సేవ ఏమీ లేదు. పేకాటను, ఆన్‌లైన్ రమ్మీని నిషేధించిన రాష్ట్రం తానే ఇంత పెద్ద పందెం నడపడం తప్పు. ఆ మాట గట్టిగా అనాలి.

ఇప్పటి లైసెన్సులు 2027 నవంబర్ 30తో ముగుస్తాయి. కొత్త నోటిఫికేషన్ అంతకు ముందే రావచ్చు. 2023లో డిసెంబర్ లైసెన్సులకు ఆగస్టులోనే డ్రా తీశారు. ఎమ్మెల్యేలు ఆలోగా తిరిగిచ్చే డిపాజిట్ కోసం సభలో అడగాలి. ఫీజు అప్పటికి మూడు లక్షలే ఉన్నా, పెరిగినా, పోయినా పరవాలేదనుకునే సొమ్ము లేనివాళ్లు ఆ చీటీ జోలికి పోవద్దు. మిత్తికి తెచ్చి మాత్రం అసలే కట్టవద్దు.